సగం డబ్బు ఎవరికిచ్చారు?

(2025 అక్టోబర్‌లో టొరంటో పక్కనున్న ఒక ఊరి లైబ్రరీ హాల్లో, ఓ నలభై మంది తెలుగువాళ్ళ ముందు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాశాను. తడబడ్డ చోట్ల కొంచెం సరిచేశాను, మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను ఐస్ హాకీ ఒక్కరోజు కూడా ఆడలేదు. మా అమ్మాయిని స్కేటింగ్‌లో చేర్పించినప్పుడు నేనూ ఉత్సాహంగా ఐసు మీదకి దిగి, గోడ పట్టుకుని ఒక్క రౌండు తిరిగొచ్చి, ఆ బూట్లు మళ్ళీ కౌంటర్లో ఇచ్చేశాను. అంతే నా అనుభవం. కానీ ఈ ఊరొచ్చి పదిహేనేళ్ళయింది, పదిహేనేళ్ళుగా మన టొరంటో టీము లీఫ్స్‌ని చూస్తున్నాను, కాబట్టి కప్పు ఎలా గెలవకూడదో నన్నడగండి, గంటలు గంటలు చెప్తాను. (నవ్వులు)

2013 మే 13 రాత్రి మీలో ఎంతమందికి గుర్తుందో. అప్పట్లో ముగ్గురం రూమ్మేట్లం, ఒక బెడ్రూం అపార్ట్‌మెంట్. బోస్టన్‌తో ప్లేఆఫ్స్‌లో ఏడో మ్యాచ్, ఓడితే ఇంటికే, మూడో పీరియడ్‌లో మనం 4-1, ఇంకా పదకొండు నిమిషాలు కూడా లేవు. ఒకడు "అయిపోయిందిరా, రేపు ఆఫీసుంది" అని వెళ్ళి పడుకున్నాడు. నేను గిన్నెలు కడుగుదామని సింకు దగ్గరకెళ్ళాను. 4-2 అయింది, సర్లే అనుకున్నాను. ఆఖరి నిమిషంన్నరలో ఇంకో రెండు గోల్స్ పడ్డాయి, చేతుల నిండా సబ్బు నురగతో హాల్లో అలాగే నిలబడిపోయాను, ఓవర్‌టైమ్‌లో 5-4, అయిపోయింది. పొద్దున్నే వాడు లేచి "ఎంతతో గెలిచాం?" అన్నాడు. నేనేం చెప్పలేదు, టీ కప్పు చేతికిచ్చాను.

అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టింది. గెలిచినవాళ్ళు ఏం చేశారు, మనం ఏం చేయలేదు అని ఒక ఎక్సెల్ షీటు మొదలుపెట్టాను. ఏ టీము ఎవర్ని ఎక్కడ పట్టుకుంది, ఎంతిచ్చింది, ఎప్పుడు వదిలేసింది అన్నీ అందులో ఉంటాయి. మా ఆవిడ దాన్ని సవతి అంటుంది. ఇవాళ చెప్పేదంతా ఆ సవతి గురించే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు నిమిషాల్లో రూల్స్ చెప్పేస్తాను. ఐపీఎల్ వేలం చూసేవాళ్ళకి సగం తెలిసినట్టే. 2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ కమ్మిన్స్‌కి 20.5 కోట్లు పెడితే, 100 కోట్ల పర్సులో ఐదో వంతు ఒక్కడికేనా అని వాట్సాప్ గ్రూపుల్లో ఎంత గోల జరిగిందో గుర్తుందిగా? ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్ళాం, ఫైనల్లో 113కి ఆలౌట్ అయ్యాం, అది వేరే ఏడుపు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ, అంటే ఇక్కడి హాకీ లీగులోనూ, అలాంటి పర్సే ఉంది, క్యాప్ అంటారు. దాని కోసం ఓనర్లు 2004-05లో సీజన్ మొత్తం మూసేశారు, ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మొదటి ఏడాది క్యాప్ 39 మిలియన్ డాలర్లు, పోయిన సీజన్లో 88, ఇప్పుడు 95.5. అందులోనే 23 మందిని పోషించాలి. డబ్బున్న ఓనరు ఇంకో పది మిలియన్లు నా జేబులోంచి వేస్తానన్నా కుదరదు. అందుకే 2005 తర్వాత కథకీ ముందు కథకీ పోలిక లేదు, ముందుది నేను షీట్లో పెట్టుకోలేదు కూడా.

ఇంకొక్కటి, ఇది మాత్రం అసలైన సంగతి, కొంచెం గుర్తుపెట్టుకోండి. బాస్కెట్‌బాల్లో స్టార్ అనేవాడు మ్యాచ్‌లో ముప్పావు వంతు కోర్టు మీదే ఉంటాడు. క్రికెట్లో ఓపెనర్ ఇరవై ఓవర్లూ నిలబడొచ్చు. హాకీలో అలా కుదరదు. ముప్పావు నిమిషం పరిగెత్తాక ఊపిరి అందదు, బెంచికి రావాల్సిందే. ఎంత పెద్ద ఫార్వర్డ్ అయినా, మెక్‌డేవిడ్ అయినా సరే, 60 నిమిషాల్లో ఐసు మీద ఉండేది 20, 22 నిమిషాలే. మరి మిగతా 38 నిమిషాలు ఎవరు ఆడతారు? ముగ్గురు చొప్పున నాలుగు లైన్ల ఫార్వర్డ్‌లుంటే, రెండో లైను పోగా, మూడో లైను, నాలుగో లైను వాళ్ళు. మనం పేర్లు కూడా గుర్తుపెట్టుకోనివాళ్ళు. వాళ్ళకి జీతం ఎక్కడ మిగిలిందన్నదే నా షీటంతా.

సరే, మొదటి దారి అందరికీ తెలిసిందే, ఓడిపోవడం. ఎన్‌హెచ్‌ఎల్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో పంచుకుంటారు, బాగా ఓడిన టీములకి లాటరీలో ముందు చోటు దక్కే అవకాశం ఎక్కువ. పిట్స్‌బర్గ్ అలాగే 2004లో రెండో చోటులో మాల్కిన్‌ని, 2005లో మొదటి చోటులో క్రాస్బీని తెచ్చుకుంది. షికాగో 2006లో టేవ్స్‌ని, 2007లో కేన్‌ని. పిట్స్‌బర్గ్‌కి మూడు కప్పులు, 2009, 2016, 2017. షికాగోకి మూడు, 2010, 2013, 2015. ఇది చూసి లీగులో ప్రతి టీమూ, ఓహో, నాలుగేళ్ళు అడుగున పడుకుంటే చాలు, తర్వాత కప్పులే కప్పులు అనుకుంది.

ఎడ్మంటన్‌ని చూడండి మరి. 2010, 2011, 2012, వరుసగా మూడేళ్ళు మొదటి చోటు వాళ్ళదే. 2015లో మళ్ళీ మొదటి చోటు, మెక్‌డేవిడ్ అంతటివాడు దొరికాడు. అంతకుముందు ఏడాదే మూడో చోటులో డ్రైసైటిల్. ఇంతమంది మహానుభావుల్ని తెచ్చుకుని 2024లో ఫైనల్, 2025లో ఫైనల్, రెండుసార్లూ ఫ్లోరిడా చేతిలో ఓడారు. 2024లో ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిపోయిన మెక్‌డేవిడ్‌కే ఇచ్చారు, ఆయన తీసుకోవడానికి బయటికే రాలేదు. నాకైతే ఆ రాత్రి ఫ్లోరిడా వాళ్ళ సంబరం కంటే అదే గుర్తుండిపోయింది.

పిట్స్‌బర్గ్‌లో వేరే ఏముందంటే, క్రాస్బీ జీతం. జెర్సీ నంబరు 87, పుట్టింది 1987 ఎనిమిదో నెల ఏడో తారీకు. కాబట్టి 2008 నుంచి ఏడాదికి 8.7 మిలియన్లు చాలన్నాడు. సరదాగా అన్నాడనుకుందాం. కానీ ఈ రోజుకీ ఆయన క్యాప్‌లో పడేది 8.7 మిలియన్లే! పదిహేడేళ్ళలో క్యాప్ 57 నుంచి 95 దాటింది, ఆయన మాత్రం కదల్లేదు. మనింట్లో అద్దెకున్నాయన కూడా అంతకాలం అదే అద్దె ఇస్తానంటే ఒప్పుకోం. (నవ్వులు) అలా మిగిలిన డబ్బుతోనే 2015లో ఫిల్ కెసెల్‌ని తెచ్చుకున్నారు. ఎక్కడ్నుంచి? మన దగ్గర్నుంచే. మన పేపర్లవాళ్ళు లావుగా ఉన్నాడని వెళ్ళగొట్టేదాకా ఊరుకోలేదు, వెళ్ళాక కూడా సాసేజ్ బన్నులు తింటాడని రాశారు, ఆయన అక్కడికెళ్ళి వరుసగా రెండు కప్పులు గెలిచి, తర్వాత ఆ కప్పు నిండా సాసేజ్ బన్నులు పెట్టుకుని ఫొటో కూడా దిగాడు.

ఇక టంపా, ఫ్లోరిడా రాష్ట్రంలోనే ఉన్న ఇంకో టీము. నాకు తెలిసి ఈ ఇరవై ఏళ్ళలో అందరికంటే తెలివైన పని వీళ్ళదే, ఇక్కడ కొంచెం ఆగుతాను. స్టామ్‌కోస్‌ని మొదటి చోటులో, హెడ్‌మన్‌ని రెండో చోటులో తీసుకున్నారు నిజమే, అంతవరకు అందరూ చేసేదే. కానీ కూచెరోవ్ 58వ వాడు. బ్రేడెన్ పాయింట్ 79వ వాడు. పలాట్ ఏడో రౌండులో 208వ వాడు, దాదాపు ఆఖరు. టైలర్ జాన్సన్, యానీ గోర్డ్‌లనైతే డ్రాఫ్ట్‌లో ఎవ్వరూ తీసుకోలేదు, ఇద్దరూ పొట్టివాళ్ళని. వీళ్ళంతా కలిసి 2019లో 62 మ్యాచులు గెలిచారు, 128 పాయింట్లు. ఇంక కప్పు ఎవరాపుతారు అనుకున్నాం. మొదటి రౌండులోనే కొలంబస్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడి ఇంటికెళ్ళారు.

మన ఊళ్ళో అయితే ఏమయ్యేది? కోచ్ పోయేవాడు, మేనేజర్ పోయేవాడు, రేడియోలో మూడు నెలలు ఏడుపు. వాళ్ళు కోచ్‌ని మార్చలేదు, స్టార్లని కదపలేదు. పాట్ మరూన్ అని ఒక మోటుమనిషిని 9 లక్షల డాలర్లకి తెచ్చుకున్నారు. తర్వాత ఫిబ్రవరిలో కోల్‌మన్, గుడ్రో అని ఇద్దర్ని తెచ్చారు, ఒకడి జీతం 1.8 మిలియన్లు, ఇంకొకడిది మిలియను కూడా కాదు. ఆ ఇద్దరి కోసం రెండు మొదటి రౌండు చోట్లు, పైగా అంతకుముందు ఏడాది మొదటి రౌండులో తీసుకున్న కుర్రాణ్ణి కూడా ఇచ్చేశారు. పేపర్లన్నీ నవ్వాయి, మూడో లైను వాళ్ళకి ఇంత ధరేంటి అని. కానీ టంపా కొన్నది ఆ ఇద్దరి ఆట ఒక్కటే కాదు, ఆ జీతాలు. ఏడాదిన్నర పాటు, ఇద్దరికీ కలిపి ఏడాదికి మూడు మిలియన్లు కూడా కాదు! గోర్డ్, కోల్‌మన్, గుడ్రో ఒక లైను అయ్యారు. అవతలి టీము పెద్ద లైను ముందు వీళ్ళని వదిలితే, కాళ్ళకి బురద పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్ళు. 2020 కప్పు, 2021 కప్పు. ఆ ఎండాకాలంలోనే ముగ్గురూ వెళ్ళిపోయారు, ఒకడు కాల్గరీ, ఒకడు న్యూయార్క్, ఒకడు సియాటిల్. పెళ్ళి భోజనం అయ్యాక షామియానా విప్పేసినట్టు.

మరూన్‌కైతే సెయింట్ లూయిస్‌తో 2019ది కూడా కలిపి వరుసగా మూడు కప్పులు. మూడేళ్ళు, మూడు ఉంగరాలు!

ఇప్పుడు నా షీటులో పసుపు రంగు వేసి పెట్టుకున్న లైను చెప్తాను. 2019 సెప్టెంబర్. అంతకుముందు సీజన్లో మన మిచ్ మార్నర్‌కి 94 పాయింట్లు, అంటే కొట్టిన గోల్సూ కొట్టించిన గోల్సూ కలిపి, టంపాలో బ్రేడెన్ పాయింట్‌కి 92. పేరే పాయింట్, ఏం చేస్తాం. ఇద్దరూ కుర్రాళ్ళే, ఇద్దరికీ మొదటి కాంట్రాక్టు అయిపోయింది, ఇద్దరికీ వేరే టీముకి స్వేచ్ఛగా వెళ్ళే హక్కు ఇంకా రాలేదు. ఆ నెల 13న మార్నర్ సంతకం పెట్టాడు, ఏడాదికి 10.893 మిలియన్లు. పది రోజుల తర్వాత పాయింట్ సంతకం పెట్టాడు, 6.75. తేడా ఎంత? 4.1 మిలియన్లు. అంటే మరూన్ లాంటివాళ్ళు నలుగురొచ్చి, ఇంకా చిల్లర మిగులుతుంది. న్యాయంగా చెప్పాలంటే పాయింట్‌ది మూడేళ్ళ కాంట్రాక్టు, తర్వాత వాళ్ళూ 9.5 ఇచ్చారు. కానీ ఆ మూడేళ్ళలోనే రెండు కప్పులు వచ్చేశాయిగా!

ఇక్కడ ఒక మాట. "లీఫ్స్ సగం డబ్బు నలుగురికే పోసేశారు, అందుకే ఓడారు" అని మన గ్రూపుల్లో అందరూ అంటారు, నేనూ చాన్నాళ్ళు అన్నాను. లెక్క కరెక్టే, 2019-20లో మాథ్యూస్, మార్నర్, టవారెస్, నీలాండర్ కలిపి 40.5 మిలియన్లు, క్యాప్ 81.5. కానీ ఒకరోజు కూర్చుని టంపా లెక్క కూడా వేశాను. 2020-21లో వాళ్ళ పెద్దవాళ్ళు ఐదుగురికి 42 మిలియన్లు. వాళ్ళదీ సగమే! నాకు కాసేపు నోట మాట రాలేదు, షీటు తప్పేమో అని మళ్ళీ లెక్కేశాను. తప్పు కాదు. తేడా ఏంటంటే, ఆ ఐదుగురిలో ఒకడు గోలీ, అంటే గోల్‌కీపర్, వసిలెవ్‌స్కీ, ఒకడు డిఫెన్స్‌లో హెడ్‌మన్. మన నలుగురూ ఫార్వర్డ్‌లే. గోలీ 60 నిమిషాలూ ఐసు మీద ఉంటాడు, హెడ్‌మన్ పాతిక నిమిషాలుంటాడు. మనవాళ్ళు నలుగురూ ఇరవై నిమిషాలవాళ్ళు. మీరు పెళ్ళి బడ్జెట్‌లో సగం పెట్టి నాలుగు వడ్డాణాలు కొన్నారనుకోండి, బంగారమే, కాదనను, కానీ వంటవాడి దగ్గరికొచ్చేసరికి బేరం మొదలవుతుంది. పెళ్ళికొచ్చినవాడు సాంబారు గురించి మాట్లాడతాడు గానీ రెండో వడ్డాణం గురించి మాట్లాడడు.

పైగా టవారెస్ అంటే నాకు కోపం లేదు. చిన్నప్పుడు లీఫ్స్ బొమ్మల దుప్పటి కప్పుకుని పడుకున్న ఫొటో పెట్టి మరీ సంతకం చేశాడు. ఏ తండ్రైనా కరిగిపోతాడు. 77 మిలియన్ల దుప్పటి.

ఆ 2020-21 లెక్కలో టంపా ఇంకో మాయ కూడా చేసింది. కూచెరోవ్‌కి తుంటి ఆపరేషన్, సీజనంతా ఆడలేదు, గాయపడ్డవాళ్ళ ఖాతాలో వేసేసరికి ఆయన 9.5 మిలియన్ల మేర క్యాప్‌లో వెసులుబాటు దొరికింది. ప్లేఆఫ్స్‌లో క్యాప్ లెక్కే లేదు అప్పుడు, మొదటి మ్యాచుకే దిగాడు. గెలిచాక "క్యాప్ కంటే 18 మిలియన్లు ఎక్కువ" అని రాసున్న టీషర్టు వేసుకుని తిరిగాడు కూడా. అది మోసం కాదు, రూలు అలా ఉంది. ఈ సీజన్నుంచి ప్లేఆఫ్స్‌లోనూ క్యాప్ చూస్తారు, ఆ దారి మూసేశారు.

రెండో దారి వేగాస్‌ది. వీళ్ళకి దయాదాక్షిణ్యాలు లేవు. 2017లో లీగులోకి రావడానికి 500 మిలియన్లు కట్టారు, మిగతా 30 టీములూ తలా ఒకణ్ణి ఇచ్చాయి, దాచుకోనివాళ్ళలోంచి. వేరేవాళ్ళు వద్దనుకున్న ఆటగాళ్ళతో మొదటి ఏడాదే ఫైనల్‌కి వెళ్ళారు. మార్షెసో అనేవాణ్ణి డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 30 గోల్స్ కొట్టిన ఏడాదే ఫ్లోరిడా వదిలేసింది, వేగాస్‌లో 2023 కప్పుతో పాటు ప్లేఆఫ్స్ బహుమతీ వాడికే. కానీ నేను చెప్పేది దాని తర్వాతి సంగతి. ఆ 2017లో మొదటి రౌండులో ముగ్గురు కుర్రాళ్ళని తీసుకున్నారు, ఐదేళ్ళు తిరిగేలోగా ముగ్గుర్నీ ట్రేడ్ చేసేశారు. అందులో ఒకడు సుజుకీ, ఇవాళ మాంట్రియల్ కెప్టెన్. అలా ఇస్తూ ఇస్తూ మార్క్ స్టోన్‌ని, ఐకెల్‌ని తెచ్చుకున్నారు. గోలీ ఫ్లూరీ ఆ ఏటి ఉత్తమ గోలీ అవార్డు తీసుకున్న నెలరోజుల్లోనే షికాగోకి పంపేశారు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. 2023లో కప్పు గెలిపించిన గోలీ ఏడిన్ హిల్, నాలుగో రౌండు చోటు ఇచ్చి తెచ్చుకున్నవాడు. నాకు ఇష్టం లేదు ఆ పద్ధతి, కానీ ఉంగరం వాళ్ళ వేలికుంది.

ఫ్లోరిడా రెండు దార్లూ కలిపింది. బార్కోవ్, ఎక్‌బ్లాడ్ పెద్ద చోట్లలో డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్ళు. 2022లో లీగులో మొదటి స్థానం వచ్చింది, రెండో రౌండులో టంపా నాలుగుకి నాలుగూ ఓడించింది. అప్పుడు టంపాలా కూర్చోలేదు వీళ్ళు. 115 పాయింట్లు చేసిన ఉబెర్డోని, ఇంకో మంచి డిఫెన్స్‌మన్‌ని ఇచ్చి మాథ్యూ కచక్‌ని తెచ్చారు. 115 పాయింట్లవాణ్ణి ఎవరైనా ఇస్తారా? ఆ మరుసటి ఏడాది ఉబెర్డో కాల్గరీలో చేసింది 55.

అయితే నన్ను కూర్చోబెట్టిన పేరు కచక్ కాదు, ఫోర్స్లింగ్. గుస్తావ్ ఫోర్స్లింగ్, స్వీడన్ కుర్రాడు, డిఫెన్స్. వాంకూవర్ డ్రాఫ్ట్ చేసి ఆడించకుండానే పంపేసింది, షికాగో కొన్నాళ్ళు ఉంచుకుని పంపేసింది, 2021 జనవరిలో కారొలైనా వేవర్స్‌లో పెట్టింది. వేవర్స్ అంటే, మా దగ్గర చోటు లేదు, కావాలంటే ఎవరైనా ఊరికే పట్టుకెళ్ళండి అని గేటు బయట పెట్టడం. మనం పాత సోఫా రోడ్డు పక్కన పెడతామే, అలా. అందరూ చూశారు, అవసరం లేదనుకున్నారు, ఫ్లోరిడా కారు ఆపి ఎక్కించుకుంది. మూడేళ్ళకి మెక్‌డేవిడ్ ఐసు మీదకి దిగితే ఎదురుగా దింపేది ఇతన్నే. 2024 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో, 2025 ఫైనల్లో కూడా. వెర్హేగీ ఇంకో కథ, ఇది మాత్రం కొంచెం గుండె పట్టుకుని వినండి. టంపా 2020 కప్పు గెలిచాక వదిలేసింది, ఫ్లోరిడా ఏడాదికి మిలియను చొప్పున తెచ్చుకుంది, 2023లో 42 గోల్స్ కొట్టాడు. 2013లో అతన్ని డ్రాఫ్ట్ చేసిన టీము ఏదో తెలుసా? (హాల్లోంచి: "లీఫ్సేనా అన్నా?") లీఫ్సే. మూడో రౌండులో. రెండేళ్ళకి వేరే ట్రేడ్‌లో కలిపి పంపేశాం.

ఇంతా చెప్పి, అదృష్టం ఊసెత్తకపోతే అబద్ధమవుతుంది. సెయింట్ లూయిస్ 2019 జనవరి మొదట్లో లీగులో అట్టడుగున ఉంది. బినింగ్టన్ అనే కుర్ర గోలీని దింపారు, జూన్లో కప్పు పట్టుకుని ఊరేగారు. దీన్ని నా షీటులో ఏ కాలమ్‌లో పెట్టాలో ఇప్పటికీ తెలీదు, అడుగున ఒంటరిగా ఉంటుంది.

సరే, ప్రశ్నలేమైనా ఉంటే.

(ఒకాయన: "టాక్సు సంగతి చెప్పలేదండీ. ఫ్లోరిడాలో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కదా, అదే కదా అసలు కారణం?")

ఉందండీ, అది నిజమే. ఫ్లోరిడా, నెవాడా, టెక్సస్‌లో లేదు, ఇక్కడ పై స్లాబులో 53 శాతం పైన పోతుంది, మీకు నేను చెప్పాలా. అదే 9 మిలియన్లకి అక్కడ ఒప్పుకునేవాడు ఇక్కడ 11 అడుగుతాడు. 2020 నుంచి 2025 దాకా ప్రతి ఫైనల్లో ఫ్లోరిడా రాష్ట్రం టీము ఒకటి ఉంది, అది ఊరికే రాలేదు. కానీ నాష్‌విల్‌లో కూడా ఆ టాక్సు లేదండీ, వాళ్ళకి ఒక్క కప్పూ లేదు. డాలస్‌కి 1999 తర్వాత లేదు. టాక్సు మిగిలిస్తుంది, మిగిలినదాంతో గేటు బయట సోఫా చూసే కన్ను ఎవరికుందన్నది వేరే విషయం.

(ఒక అబ్బాయి: "అంకుల్, మార్నర్ వెళ్ళిపోయాడుగా, ఇప్పుడు లీఫ్స్ బాగుపడతారా?")

నీ వయసెంతమ్మా? పన్నెండా. 1967లో ఆఖరి కప్పు గెలిచినప్పుడు మీ నాన్న కూడా పుట్టలేదు. (నవ్వులు) మార్నర్ వేగాస్ వెళ్ళాడు, ఏడాదికి 12 మిలియన్లు. టవారెస్ 11 నుంచి 4.4 మిలియన్లకి దిగి ఇక్కడే ఉండిపోయాడు, ఆ దుప్పటి మహిమ. మొత్తం మీద జేబులో కొంచెం గాలాడుతోంది. మార్నర్‌కి బదులు వేగాస్ నుంచి మనకొచ్చింది నికొలా రువా అనే ఆరడుగుల నాలుగంగుళాల మూడో లైను సెంటర్, జీతం 3 మిలియన్లు, 2023లో వాళ్ళతో కప్పు ఎత్తినవాడు. మొన్న మ్యాచ్‌లో ఎవరైనా గమనించారా అతన్ని? (మౌనం) చూశారా, ఎవరూ చూళ్ళేదు. నేనూ మూడో పీరియడ్ దాకా చూళ్ళేదు. వచ్చే మ్యాచ్‌లో చూద్దాం.

లైబ్రరీ ఆవిడ లైట్లు ఆపుతానంటోంది. బయట టీ ఉంది, ఫ్లాస్కులో ఇంకో పది కప్పులొస్తాయి, రండి.